బకెట్టు నుంచి బుడమేరు దాకా

*బట్టల పౌడర్‌లో ఏముంది? మన నీళ్ళలో అది ఎలా పనిచేస్తుంది? పని అయ్యాక ఎక్కడికి పోతుంది?*

2024 సెప్టెంబర్ రెండో వారం. విజయవాడ సింగ్‌నగర్‌లో బుడమేరు వరద తీసింది, బురద మిగిలింది. పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ... ఏ వీధికి వెళ్ళినా గోడల మీద నీళ్ళు నిలిచిన ఎత్తున మట్టిగీత. దాని కిందా మీదా అడ్డదిడ్డంగా కట్టిన తాళ్ళు. తాళ్ళ నిండా చీరలు, లుంగీలు, దుప్పట్లు, బడిపిల్లల యూనిఫాంలు. అగ్నిమాపక శకటాలు వచ్చి పైపులతో ఇళ్ళు కడిగి వెళ్ళాయి. బీరువాల్లో రోజుల తరబడి మురుగునీళ్ళలో నానిన బట్టల సంగతి మాత్రం ఎవరిది వాళ్ళే చూసుకోవాల్సి వచ్చింది.

చేతికందిన పౌడరల్లా గుప్పెళ్ళతో పోసి నానబెట్టారు. తువ్వాలుకు పట్టిన బురదరంగు వదల్లేదు. బీరువా తుప్పు అంటిన తెల్లచొక్కాకి బ్లీచింగ్ పెడితే మరక పోలేదు సరికదా, ఇంకా ముదిరింది. పట్టుచీరలు రంగు దిగి, నిగనిగ పోయి, గోనెపట్టాల్లా తేలాయి. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో మాత్రం పని వేరేగా జరిగింది. బట్టను ముందు ఉత్తి నీళ్ళలో రెండు మూడుసార్లు జాడించారు. ఎండలో ఆరేసి, ఎండిన మట్టి దులిపారు. సబ్బు సంగతి ఆ తర్వాతే. రసాయన శాస్త్రం అడిగితే అదీ ఇదే చెబుతుంది. వరద బురద నీళ్ళలో కరిగేది కాదు, సన్నటి బంకమట్టి రేణువుల కుప్ప. దాని మీద ఎంత పౌడర్ పోసినా ముందు ఆ మట్టే తాగేస్తుంది, బట్టకు మిగిలేది తక్కువ.

ఆ వరద తర్వాత విజయవాడలో బుడమేరు మాట రాని చోటు లేదు. గట్లు ఎంత లేపాలి, వెలగలేరు దగ్గర మళ్ళించే కాలువ ఎంత వెడల్పు చేయాలి, ఆక్రమణలు ఎవరివి... అన్నీ జరగాల్సిన చర్చలే. అయితే బుడమేరు వరద మోసేది ఏడాదిలో కొద్దిరోజులే. మిగతా రోజుల్లో అది మోసేది మన వంటింటి నీళ్ళు, స్నానాల నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు. మైలవరం కొండల వైపు పుట్టిన ఏరు నగరం దాటేసరికి మురుగుకాలువ అయిపోయి, ఆ రూపంలోనే కొల్లేటికి చేరుతోంది. ఏటి నీళ్ళలో ఏముందో తెలియాలంటే ముందు మన బకెట్టులో ఏముందో చూడాలి.

గుప్పెడు పౌడర్‌లో ఏముంటుంది?

చవకరకం బట్టల పౌడర్ ఒక చెంచాడు అరచేతిలో పోసుకుని నాలుగు చుక్కల నీళ్ళు వేయండి. చెయ్యి వెచ్చబడుతుంది. వేలితో రుద్దితే జారుతుంది. ఆ వేడిలో, ఆ జారుడులో ఎక్కువ పాలు చాకలి సోడాది. సోడియం కార్బొనేట్ నీటిని పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది. దాని క్షారం చర్మం మీది నూనెను సబ్బుగా మార్చడం మొదలుపెట్టగానే వేలు జారుతుంది. బట్ట మీది జిడ్డుకు జరిగేదీ అదే. (చూశాక చెయ్యి వెంటనే కడుక్కోండి.)

అసలు మురికి తీసే సరుకు వేరే ఉంది. చిన్న తయారీదారులు దాన్ని యాసిడ్ స్లరీ అంటారు. ముదురు గోధుమరంగులో, తేనెలా చిక్కగా ఉంటుంది. కిరోసిన్ నుంచి వేరుచేసిన పారాఫిన్‌ను బెంజీన్‌తో కలిపి, దానికి గంధకపు ఆమ్లం పట్టిస్తే వచ్చేది అది. చెన్నై పక్కన మనలిలో దీనికి ముడిసరుకు తయారుచేసే పెద్ద కర్మాగారం ఉంది. సోడాతో కలిస్తే యాసిడ్ విరిగి లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్ అవుతుంది. పేరు పొడుగే గానీ పని తేలిక. ఆ అణువుకు ఒక కొస నీళ్ళంటే ఇష్టం, రెండో కొస నూనెంటే ఇష్టం. నూనె కొస జిడ్డులో దిగబడుతుంది, నీళ్ళ కొస దాన్ని బయటికి లాగుతుంది. వేలాది అణువులు చుట్టుముడితే జిడ్డుచుక్క బట్టను వదిలి నీళ్ళలో తేలుతుంది. ధరను బట్టి, రకాన్ని బట్టి ఈ సరుకు పౌడర్‌లో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటుంది.

మరి మిగతాదంతా ఏమిటి? సోడా ఒక పెద్ద భాగం. పౌడర్ గడ్డకట్టకుండా జలజల రాలడానికీ, తూకం రావడానికీ సోడియం సల్ఫేట్. వాషింగ్ మెషీన్ లోహానికి తుప్పు పట్టకుండా సోడియం సిలికేట్. వదిలిన మురికి మళ్ళీ బట్టకే అంటకుండా దూది గుజ్జు నుంచి చేసిన సీఎంసీ అనే జిగురు. ఇది చిటికెడే ఉంటుంది, కానీ ఇది లేని పౌడర్‌తో ఉతికితే తెల్లబట్టలు నాలుగు ఉతుకులకే బూడిదరంగుకు తిరుగుతాయి. బిళ్ళ సబ్బుల్లో వీటికి తోడు గట్టిదనం కోసం సున్నపురాయి పొడి, తెల్లమట్టి కలుపుతారు. నల్ల ప్యాంటు ఆరాక కనిపించే తెల్లచారలు ఆ మట్టివే. పౌడర్‌లో అక్కడక్కడా మెరిసే నీలం, ఆకుపచ్చ రేణువులకు ప్రత్యేకమైన శక్తి ఉందని చాలామంది నమ్మకం. చాలావాటిలో అది ఉత్తి రంగు.

---

పసుపు మరక ఎందుకు ఎర్రబడుతుంది?

పప్పుచారు ఒలికిన చొక్కాకి సబ్బు పెట్టగానే మరక ఎర్రగా మారుతుంది. కంగారు పడాల్సింది లేదు. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, క్షారం పోగానే మళ్ళీ పచ్చబడుతుంది. పారాణి కోసం పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపూ ఇదే. కర్‌క్యుమిన్ వెలుగుకు నిలవదు. జిడ్డు పోయేదాకా ఉతికి, తడిబట్టను నేరుగా ఎండలో ఆరేస్తే పూట గడిచేసరికి మరక వెలిసిపోతుంది. మన ఎండకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

---

చవుడు నుంచి సర్ఫ్ దాకా

సోడా మనకు కొత్తదేమీ కాదు. చవిటి నేలల్లో ఎండాకాలం పైకి తేలే తెల్లటి చవుడును చాకళ్ళు తరతరాలుగా ఎరుగుదురు. మురికి బట్టలను చవుడు నీళ్ళలో ముంచి, బానల్లో పేర్చి, రాత్రంతా ఆవిరి పట్టించి, తెల్లారి రేవుకు మోసుకెళ్ళేవాళ్ళు. సోడా ఫ్యాక్టరీలు పుట్టకముందే సోడా పనితనం తెలిసినవాళ్ళు వాళ్ళు. పట్టుకూ మెత్తటి బట్టకూ చవుడు పనికిరాదనీ తెలుసు, వాటికి కుంకుడుకాయ వాడేవాళ్ళు. కుంకుడు గుజ్జులోని సపోనిన్‌కు కూడా నీళ్ళ కొస, నూనె కొస రెండూ ఉంటాయి. క్షారం మాత్రం ఉండదు.

1888లో సన్‌లైట్ సబ్బుపెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. కొవ్వుతో చేసే సబ్బుకు ఆ తర్వాత డెబ్భై ఏళ్ళు ఎదురులేదు. యూరప్‌లో మొదటి ప్రపంచయుద్ధం నాటి కొవ్వుల కరువు కృత్రిమ సరుకు వెతుక్కోక తప్పని పరిస్థితి తెచ్చింది. మనకు ఆ రకం పౌడర్ 1959లో సర్ఫ్ రూపంలో వచ్చింది. అది డబ్బున్న ఇళ్ళకే అందేది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి పెరట్లో సోడా పాలు ఎక్కువగా పౌడర్ కలిపి, సైకిల్ మీద తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు. సర్ఫ్ ధరలో అది పావు వంతు. నిర్మా రాకతో కూలికి వెళ్ళే ఇంట్లోనూ పౌడర్ కనిపించింది. మన దగ్గర గుంటూరు నుంచి ట్రిపుల్ ఎక్స్ సబ్బు వచ్చి ఊరూరా పచారీకొట్ల అరల్లో చోటు సంపాదించుకుంది.

ఈ మార్పు వల్ల ఆడవాళ్ళకు కలిగిన మేలును తక్కువ చేసి చూడకూడదు. బండకేసి బాదే శ్రమ సగం తగ్గింది. అదే సమయంలో బానా, ఆవిరీ తెలిసిన చేతుల నైపుణ్యం అక్కర్లేకుండా పోయింది. రేవునే నమ్ముకున్న రజక కుటుంబాల్లో ఎన్నో ఇస్త్రీ బండికి మారాయి.

బందరు బోరుకూ బెజవాడ కుళాయికీ తేడా

విజయవాడలో కృష్ణ నీళ్ళతో ఉతికే ఇల్లాలు బందరులో పుట్టింటికి వెళ్ళి బోరునీళ్ళతో ఉతికితే అదే సబ్బు నురగ రాదు. తెల్లటి తరకలుగా విరిగి నీటిమీద తేలుతుంది. సముద్రం దగ్గరవుతున్నకొద్దీ, అవనిగడ్డ, నాగాయలంక, కృత్తివెన్ను వైపు, భూగర్భజలంలో ఉప్పుతోపాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పెరుగుతాయి. కొవ్వు సబ్బు వాటితో కలిసి తరకలై పనికిరాకుండా పోతుంది. తాగునీటిలో ఈ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే గతి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చనీ భారతీయ ప్రమాణం. ఉప్పు బోర్లలో ఆ గీత దాటడం వింతేమీ కాదు.

పౌడర్‌లోని స్లరీ ఈ నీళ్ళకు సబ్బంత త్వరగా లొంగదు. కానీ దాని బలమూ తగ్గుతుంది. అందుకే కాల్షియాన్ని ముందే పట్టేసే మరో సరుకు కలుపుతారు. సోడా ఆ పని కొంత చేస్తుంది. అయితే కాల్షియాన్ని సున్నంలా బట్టమీదే పేరుస్తుంది కాబట్టి తువ్వాళ్ళు బిరుసెక్కుతాయి. ఒకప్పుడు ఫాస్ఫేట్ ఈ పనిలో మేటి. ఇప్పుడు మంచిరకాల్లో జియోలైట్ అనే పదార్థం వాడుతున్నారు.

మీ నీళ్ళెలాంటివో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. చిన్న సీసాలో సగం నీళ్ళు పోసి, కొవ్వుతో చేసిన ఒంటిసబ్బు గోరంత వేసి గిలకొట్టండి. నురగ నిలబడితే మెత్తని నీళ్ళు. నురగ చచ్చి, కింద నీళ్ళు పాలలా మారితే కఠిన జలం. మెత్తని నీళ్ళున్న ఇంట్లో ప్యాకెట్ మీద రాసినదానిలో సగంతోనే ఉతికి చూడండి. మామూలు మురికికి సరిపోతుంది.

నురగే పని చేస్తుందనుకుంటే...

మన ఇళ్ళల్లో పౌడర్ మంచిదా కాదా అని తేల్చేది నురగే. కంపెనీలకు ఆ సంగతి తెలుసు, ప్రకటనల నిండా నురగే. నిజానికి నురగకూ ఉతుకుకూ నేరుగా సంబంధం లేదు. జిడ్డును పట్టేది నీళ్ళలోని అణువులు, పైన తేలే బుడగలు కాదు. ముందు తలుపున్న మెషీన్లలో వేసే పౌడర్‌లో నురగను చంపే సిలికోన్ కావాలనే కలుపుతారు. నురగ ఎక్కువైతే బట్టకు బట్ట ఒరుసుకోదు, మురికి వదలదు. బకెట్టు ఉతుకులో నురగ ఎంత ఎక్కువైతే జాడించడానికి అన్ని బకెట్లు ఎక్కువ. మే నెలలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధిలో ఆ బకెట్ల విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

అపార్టుమెంట్లలో ఇప్పుడు లిక్విడా, పౌడరా అన్నది పెద్ద వాదన. లిక్విడ్‌లో స్లరీ జాతి సరుకు ఎక్కువ, సోడా తక్కువ. చొక్కా కాలరు జిడ్డుకూ రంగుబట్టలకూ అది బాగుంటుంది. పొలం మట్టికీ పిల్లల ఆటల మట్టికీ పౌడర్ మేలు. మరక తినే ఎంజైములు రెండింటిలోనూ కలపవచ్చు. జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైమును ఉతకడానికి వాడవచ్చని 1913లోనే ఒట్టో రోమ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేటెంటు తీసుకున్నాడు. 1960ల నుంచి వాటిని బాక్టీరియాతో తయారుచేస్తున్నారు. ప్రొటియేజ్ పాలు, రక్తం, పప్పు మరకలను తింటుంది. అమైలేజ్ గంజిని, లైపేజ్ ఆవకాయ నూనెను. వాటికి గోరువెచ్చని నీళ్ళూ కొంత సమయమూ కావాలి. చలిదేశాల్లో ఆ నీళ్ళకు కరెంటు కాల్చాలి. రోహిణి కార్తెలో మన మేడమీది ట్యాంకు నీళ్ళు ఊరికే ఆ వేడికొస్తాయి. అరగంట నానబెడితే చాలు.

ఈ ప్రొటియేజే పట్టుకు శత్రువు. పట్టు, ఉన్ని రెండూ ప్రొటీన్లే. మరక తినే ఎంజైముకు మరకేదో చీరేదో తెలియదు. సింగ్‌నగర్‌లో చాలా పట్టుచీరలు నీళ్ళకు తట్టుకుని పౌడర్‌కు పాడయ్యాయి.

తెలుపులోని కిటుకు

పెళ్ళి రిసెప్షన్‌లో ఊదారంగు దీపాల కింద తెల్లచొక్కాలు నీలంగా మెరవడం చూసే ఉంటారు. అది పౌడర్‌లోని ఆప్టికల్ బ్రైటెనర్ అనే పదార్థం. మురికి తీయదు. బట్టకు అంటుకుని, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చి నీలికాంతిగా వదులుతుంది. బట్టలోని పసుపుఛాయను ఆ నీలం కప్పేస్తే కంటికి తెల్లగా కనిపిస్తుంది. నీలిమందు కూడా పసుపును కప్పేదే, కాకపోతే అది వెలుగును మింగి కప్పుతుంది. అందుకే నీలం ఎక్కువైతే బట్ట మబ్బేస్తుంది.

తెల్లబట్టకు దీంతో పేచీ లేదు. పేచీ కలంకారీకి పేరున్న పెడన దగ్గర మొదలవుతుంది. బందరు కలంకారీ అసలు పద్ధతిలో బట్టను కరక్కాయ నీళ్ళలో నానబెడతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నలుపుతో, పటిక నీళ్ళతో అచ్చులు వేస్తారు. పారే నీళ్ళలో జాడించి వేళ్ళు, ఆకులు, చెక్కలతో కాచిన రంగులో ఉడికిస్తారు. రంగును నూలుకు పట్టి ఉంచేది పటికలోని అల్యూమినియం, నలుపులోని ఇనుము. సోడా క్షారం తగిలితే ఆ ముడి సడలుతుంది, ఎరుపు ఛాయ మారుతుంది. లేత గోధుమరంగు నేల మీద బ్రైటెనర్ చేరితే, ఆ బట్టకు అందం తెచ్చే వెచ్చదనం పోయి పాలిపోతుంది. నెలల పనిని మనం ఒక గుప్పెడు పౌడర్‌తో చెరుపుతున్నాం. కుంకుడు రసమో, క్షారం లేని మెత్తటి లిక్విడో వాడి, నీడన ఆరేస్తే ఆ బట్ట ఏళ్ళు నిలుస్తుంది. మంగళగిరి చేనేతలో ముదురు రంగులకూ ఈ జాగ్రత్త మంచిదే.

ఆ చేతులు

బట్ట పాడైతే ఇంకోటి కొనుక్కుంటాం. నాలుగిళ్ళల్లో బట్టలుతికే మనిషి చేతులు ఒకసారి చూడండి. వేళ్ళ సందులు ఒరిసిపోయి, గోళ్ళ చుట్టూ తోలు లేచి, కూరలో కారం తగిలితే మండే చేతులు. చర్మానికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ ఐదున్నర దరిదాపుల్లో. బట్టల పౌడర్ నీళ్ళది పదీ పదకొండు. స్లరీ బట్ట మీది జిడ్డునే కాదు, చర్మాన్ని కాపాడే నూనెపొరనూ లాగేస్తుంది. ఆ పొర పోయాక సోడా లోపలికి దిగుతుంది. పౌడర్ పూర్తిగా కరగకముందే చెయ్యి పెట్టి కలిపితే మరీ హాని.

ఇంటివాళ్ళు చేయగలిగింది చాలానే ఉంది. పౌడర్ కర్రతో కలపాలి. రబ్బరు తొడుగులు కొనివ్వాలి. పని అయ్యాక చేతులు మంచినీళ్ళతో కడుక్కుని కొబ్బరినూనె రాసుకునే తీరిక ఇవ్వాలి. చవకపౌడర్ కొని మిగిల్చిన పది రూపాయల ఖర్చు ఆమె చేతుల మీద పడుతోందని నా గట్టి నమ్మకం.

---

ఇవి కలపకండి

బ్లీచింగ్ పౌడర్‌కి బాత్‌రూమ్ యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణం తీయగలదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపకూడదు. తుప్పు మరకకు బ్లీచింగ్ పెట్టకండి, మరక గట్టిపడుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టండి.

---

కొల్లేరు దాకా

ఉతికిన నీళ్ళు సింకు దాటాక ఏమవుతాయి? 1950ల్లో జర్మనీ, అమెరికాల్లో నదులు నురగతో నిండిపోయాయి. అప్పటి సరుకు అణువులు కొమ్మలు కొమ్మలుగా ఉండేవి, బాక్టీరియాకు కొరుకుడు పడేవి కావు. జర్మనీ 1960ల మొదట్లో చట్టం తెచ్చింది. 1965 నాటికి అమెరికా కంపెనీలు కొమ్మల్లేని తిన్నటి గొలుసుండే ఇప్పటి సరుకుకు మారిపోయాయి. దాన్ని బాక్టీరియా చక్కగా తింటుంది. గాలి బాగా పట్టించే శుద్ధికేంద్రంలో దాదాపు అంతా విరిగిపోతుంది.

అక్కడే మన చిక్కు. ఆ బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. మురుగు నిలిచి, పైన గుర్రపుడెక్క దుప్పటిలా పరుచుకున్న కాలువలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఊపిరాడని ఆ నీళ్ళలో స్లరీ సరుకు విరగడం బాగా మందగించి, అడుగు బురదలో పేరుకుంటుంది. విజయవాడలో శుద్ధికేంద్రాలు ఉన్నాయి. వాటికి చేరకుండా సైడు కాలువల్లోంచి నేరుగా ఏటిలోకి దిగే నీళ్ళూ ఉన్నాయి.

ఫాస్ఫేట్ కథ ఇంకో రకం. అది విషం కాదు, ఎరువు. 1970ల్లో కెనడాలో ఒక చెరువును తెరతో రెండుగా చీల్చి, ఒక సగానికి మాత్రమే ఫాస్ఫరస్ కలిపి చూశారు. ఆ సగమే నాచుతో పచ్చబడింది. కొల్లేటికి ఫాస్ఫరస్ తెచ్చేవాటిలో బట్టల పౌడర్ ఒకటి మాత్రమే. పొలాల ఎరువులు, చేపల చెరువుల మేత, మనుషుల మురుగు కూడా కలుస్తాయి. నేరమంతా పౌడర్ మీద వేయడం న్యాయం కాదు. కానీ వీటన్నిటిలో తేలిగ్గా మానగలిగింది ఇదే. ఎరువు లేకుండా వరి కష్టం. ఫాస్ఫేట్ లేకుండా ఉతుకు కష్టం కాదని ప్రపంచం చేసి చూపించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు పొందిన సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిందంతా తాను పట్టుకుని, మిగిలింది ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. గుర్రపుడెక్క పెరిగితే ఆ దారి మూసుకుంటుంది. ముంపు మళ్ళీ పైకే తన్నుతుంది.

ఐరోపా సమాఖ్య 2013 నుంచి ఇళ్ళలో వాడే బట్టల పౌడర్‌లో ఒక్క ఉతుకుకు అర గ్రాము కంటే ఎక్కువ ఫాస్ఫరస్ ఉండకూడదని నిబంధన పెట్టింది. అంతకుముందే ప్యాకెట్ మీద మెత్తని నీళ్ళకు ఎంత, ఓ మాదిరి నీళ్ళకు ఎంత, కఠిన జలానికి ఎంత అని మూడు కొలతలు అచ్చువేయాలంది. మన పచారీకొట్లో ప్యాకెట్లు తిప్పి చూడండి. ఒంటిసబ్బు అట్టమీద పదార్థాల జాబితా ఉంటుంది. బట్టల పౌడర్‌లో చాలావాటి మీద అంత వివరం ఉండదు, ఫాస్ఫరస్ ఎంతో ఉండదు. కృష్ణ కుళాయికీ కృత్తివెన్ను బోరుకూ ఒకటే చెంచా రాసి ఉంటుంది. నీళ్ళను బట్టి మూడు కొలతలు, ఫాస్ఫరస్ పాళ్ళు, ఎంజైములు, బ్రైటెనర్ ఉన్నాయో లేదో ఒక్క మాట. ఈ నాలుగు వివరాలూ తెలుగులో అచ్చువేయడానికి కంపెనీలకు పెద్ద ఖర్చేమీ కాదు. బుడమేరు గట్ల ఎత్తు గురించి గట్టిగా అడుగుతున్న మనం ఇదీ అంతే గట్టిగా అడగాలి. ప్రమాణాల సంస్థనూ, కాలుష్య నియంత్రణ మండలినీ, అమ్మే కంపెనీనీ కూడా.